మహారాణిగారి కొలత

గేటు బయట మూడు లారీలు మట్టితో నిలబడి ఉన్నాయి. ఇంజన్లు ఆపలేదు.

కాంట్రాక్టరుకు అంత ధీమా. కుంటలో మిగిలిన ఒకే ఒక్క నల్లచారల ఆల్చిప్ప చచ్చిపోయిందని, ఈ ఏటి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒక్క ముక్క రాస్తే చాలు. సాయంత్రానికల్లా కుంట పూడుతుంది. ఆ పైన కార్ల పార్కింగు లేస్తుంది.

కుంటను కాపాడే ఉద్యోగం అతని సొంత వదినది. అది కుంట చేసుకున్న పుణ్యమో, అతను చేసుకున్న పాపమో.

“చచ్చినదాన్ని ఇంకెన్నాళ్లు సాకుతావు వదినా?” అన్నాడు, ఒడ్డున బెంచీ మీద కాలు మీద కాలేసుకుని.

“నీ నోట్లో మన్ను పడ. ఎలాగూ మూడు లారీలు తెచ్చుకున్నావుగా.”

ఏడేళ్ల కిందట అది వట్టి మురుగ్గుంట. ఆల్చిప్ప కనబడ్డాక చట్టం దిగింది. అంతరించిపోతున్న జాతి బతికున్నంత కాలం దాని ఇంటి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. మురుగు కాలువల్ని మళ్లించారు. టైర్లు, సోఫాలు, ఒక స్కూటరు బయటికి తీశారు. నీళ్లు తేరుకున్నాయి. తుంగ మొలిచింది. తుంగ వెనక చిన్న చేపలు, చేపల వెనక నీటికోళ్లు వచ్చాయి. ఇన్ని ప్రాణాలూ అరచేతిలో పట్టే ఆ ఒక్కదాని పూచీ మీదే ఉన్నాయి. అందుకే దాన్ని అందరూ మహారాణి అనేవారు.

మర్యాదలూ ఆ స్థాయిలోనే జరిగేవి. మహారాణి దగ్గర గట్టిగా మాట్లాడకూడదు. ఒంటి మీది పాచి తుడవకూడదు. నీళ్ల బయట ఏడాదికి ఇరవై సెకన్లకు మించి ఉంచకూడదు. ఈ రూల్సన్నీ వదినే పెట్టి, బోర్డు మీద తనే రాసింది. తనకు జ్వరమొచ్చినప్పుడు ఇందులో పదోవంతు కూడా పట్టించుకోలేదని ఆమె భర్త ఊరంతా చెప్పుకునేవాడు.

ఇన్‌స్పెక్టరు చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఎర్రజెండా పాతిన చోటికి నీళ్లలో నడిచాడు. వదిన వెనకే దిగింది. కొంగు ఆమె పిడికిట్లో నలిగిపోతోంది.

“బతికుంటే నోరు తెరవాలి కదా సార్?” ఒడ్డు మీంచి అడిగాడు కాంట్రాక్టరు.

“నీలాంటివాళ్ల ముందు తెరవదు,” అంది వదిన. “మర్యాదస్తురాలు.”

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కొలత ఒక్కటే సాక్ష్యమన్నాడు. పోయినేడు అరవై ఒక్క మిల్లీమీటర్లు. చచ్చినది పెరగదు, పెరిగిందంటే బతికున్నట్టే. దానికి కాంట్రాక్టరు కూడా ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టాడు.

మహారాణి నీళ్లలోంచి పైకి వచ్చింది. కొలిచే కాలిపర్స్ దాని చుట్టూ బిగుసుకుంది. వదిన పెదాలు సెకన్లు లెక్కపెడుతున్నాయి. పద్దెనిమిది దగ్గర ఇన్‌స్పెక్టరు దాన్ని మళ్లీ నీళ్లలోకి దించాడు.

“అరవై మూడు.”

ఒడ్డున కాలు మీది కాలు దిగింది.

కాంట్రాక్టరు ఇంకోసారి కొలవమన్నాడు. ఈ ఏటికి ఇక రెండు సెకన్లే మిగిలాయంది వదిన. అతను బోర్డు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. అన్నయ్య ఈ మనిషితో ఎలా వేగుతున్నాడో అనుకుంటూ లారీ ఎక్కాడు. మూడు లారీలూ రివర్సులో సందు దాటాయి.

ఇన్‌స్పెక్టరు రిపోర్టులో ‘సజీవం, ఆరోగ్యవంతం’ అని రాసి ముద్ర కొట్టాడు. తుంగలోంచి ఒక నీటికోడి ఐదు పిల్లల్ని వెంటేసుకుని ఈదుతూ వచ్చింది. వాటినే చూస్తూ ఆయన చాలాసేపు పాదాలు తుడుచుకున్నాడు. గేటు దాకా వెళ్లి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“వచ్చే ఏడాది ఒక్క మిల్లీమీటరే పెద్దదైన రాయి వెతికి పెట్టమ్మా, ఈ జాతి ఆల్చిప్పలు ఏడాదికి రెండు పెరగవు.”