తలుపు ఊడదీసిన రాత్రి

ఆ ఇంట్లో దెయ్యం ఉందని అత్తగారు, లేదని అల్లుడు. నెల రోజులుగా ఇద్దరూ ఉప్పూ నిప్పూలా ఉన్నారు. చీకటి పడ్డాక వెనకగది తలుపు కిర్రుమని తెరుచుకుంటుంది. కాసేపటికి ధడేల్‌మని మూసుకుంటుంది. ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనని ఆవిడ పట్టు. పంతం కొద్దీ అల్లుడు వడ్రంగిని పిలుచుకొచ్చాడు.

వడ్రంగికి హుషారు ఆగలేదు. ఇలాంటి దెయ్యాలు ఎన్నింటికి చిత్రిక పట్టాడో! దారానికి ఇనప గుండు కట్టి గుమ్మం పైనుంచి వేలాడదీశాడు.

"చూశారా పిన్నిగారూ, గుమ్మం బొటనవేలంత వాలింది. తలుపు దానంతటదే జారుతోంది. అంతే!" అంటూ తలుపు ఊడదీసి గోడకి ఆనించాడు. "రేపొచ్చి సరిచేస్తా. ఇవాళ్టికి తలుపూ లేదు, దెయ్యమూ లేదు."

అల్లుడు చప్పట్లు కొట్టాడు.

కిర్రు...

ఆ చప్పుడు ఖాళీ గుమ్మంలోంచి వచ్చింది. తలుపు బార్లా తెరుచుకునేంతసేపు వచ్చింది. గోడకి ఆనించిన తలుపు మాత్రం కదల్లేదు. ఎవరో దాన్ని రాసుకుంటూ లోపలికొచ్చినట్టు గుండు వాళ్ల వైపుకి ఊగింది.

వడ్రంగి కళ్లు మెరిశాయి. ఇరవై ఏళ్ల పనిలో ఇలాంటిది చూస్తే ఒట్టు!

"ఉండండి, మూసుకునే చప్పుడు కూడా విందాం!"

ముగ్గురూ చెవులు రిక్కించారు. గుండు ఊగి ఊగి ఆగిపోయింది. ఏ చప్పుడూ రాలేదు.

అత్తగారు వడ్రంగి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రోజూ అది బయటికెళ్లి తలుపేసుకున్నాకే నేను పడుకునేదాన్ని నాయనా," అంది గొంతు తగ్గించి. "ఇవాళ వేసుకోవడానికి తలుపేదీ?"