దుప్పి లేని వోల్గా

“ఏదైనా అడుగు, దుప్పి తప్ప,” అన్నాడు కాలీబెక్ తాత, చేతిలోని గరిటె కాడను చెక్కుతూనే.

తోక్మోక్ ఊళ్లోని పాతసామాన్ల సంతలో ఆయన పరిచిన గోనెపట్టా మీద వోల్గా కారు భాగాలూ, చెక్క గరిటెలూ కలిసే పడున్నాయి. ఓ మూల గుడ్డలో చుట్టిన దుప్పి. బానెట్ మీద ఎగిరి దూకుతున్నట్టుండే ఆ లోహపు దుప్పి లేకపోతే సోవియట్ కాలపు వోల్గాకి కళే లేదు.

“ఎంతంటే అంత ఇస్తాను తాతా. వచ్చే ఆదివారం నాన్న సంవత్సరీకం. ఆయన వోల్గాలో అమ్మని సమాధి దాకా తీసుకెళ్తానని ఊరందరి ముందూ మాటిచ్చాను,” అన్నాడు కుబాత్.

“ఆ రోజు నేనే తెచ్చి బిగిస్తాలే. డబ్బులొద్దు.”

కుబాత్‌కి తలెత్తి చూడబుద్ధి కాలేదు. తాత దగ్గర కారుచౌకగా కొన్నవాటిలో తన బండికి పనికొచ్చేవి ఉంచుకుని, మిగతావి అల్మాటీలో పాత కార్ల సరదారాయుళ్లకి నాలుగింతలకి అమ్ముతున్నాడు. బండికి రంగు పడింది, ఇంజను కదిలింది ఆ లాభంతోనే.

మొదట్లో తాత బేరంలో ఒక్క మెట్టు దిగేవాడు కాదు. ఓసారి గేరు పిడి చూపించి తీసుకోమంటే, “అక్కర్లేదు, మాదానికి గుర్రపు తల చెక్కిన కర్ర పిడి ఉంది,” అన్నాడు కుబాత్. తాత చెక్కుతున్న గరిటె కింద పెట్టేశాడు. తర్వాత ఏ ఊరని, బండి ఎవరు కొన్నారని అడిగాడు. నాన్న పోయాడని విని తలూపాడు. ఆ రోజు నుంచే ధరలు తగ్గాయి. తండ్రిలేనివాడని జాలిపడ్డాడు కాబోలనుకున్నాడు కుబాత్. ఆ జాలినే అమ్ముకుంటున్నానన్న బాధ అతన్ని తినేస్తోంది.

“వెనక ఎడమ తలుపు చలికి బిగుసుకుంటోందా?” అడిగాడు తాత.

“అవును. నీకెలా తెలుసు?”

“వోల్గాలతో గడిపినవాణ్ణి.” తాత గరిటె మీది పొట్టు ఊదాడు. “మీ నాన్నని ఓ మాట అడగాల్సింది. పోనీలే.”

“ఏ మాట?”

“బండి గురించే. ఇప్పుడెవరు చెప్తారు?”

ఇంటికెళ్లేసరికి భార్య జిపార్ వాకిట్లోనే పట్టుకుంది.

“ఇవాళైనా చెప్పావా ఆ పెద్దాయనతో?”

“చెప్తాలే.”

“ఎప్పుడు? బండెక్కి ఊరేగాకా? ఆయన ఉసురు పోసుకుని మామయ్య పేరు నిలబెడతావా?”

కుబాత్ కొట్టంలోకి వెళ్లాడు. నాన్న పేరే అతని బెంగంతా. సోవియట్ దేశం విడిపోయిన ఏడాది చలికాలంలో నాన్న తెచ్చాడీ బండిని. దేశం వదిలిపోతున్న రష్యావాడెవడో, కాగితాలు కూడా లేకుండా, ఒక గుర్రం తీసుకుని ఇచ్చేశాడని చెప్పేవాడు. తెచ్చిన రోజే కొట్టంలో ఎండుగడ్డి కింద పెట్టాడు. మళ్లీ గేటు దాటించలేదు. బాగుచేయించే స్తోమత లేక అని అమ్మ, చేతకాక అని ఊరు. “గడ్డి కింద పెళ్లికూతురు కులాసానా?” అని పక్కింటి జోల్దోష్ ఏడిపించినప్పుడల్లా నాన్న మొహం మాడిపోయేది. పోయేముందు కుబాత్ చెయ్యి పట్టుకుని, “బండి సంగతి చూడు,” అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడుగానీ నోరు తిరగలేదు. అందుకే ఏడాదంతా తిండీ నిద్రా మానుకుని బండి సంగతి చూశాడు కుబాత్.

సంవత్సరీకం నాడు పెద్ద డేగిశాల్లో గుర్రపు మాంసం ఉడుకుతోంది. వాకిట్లో తెల్లటి వోల్గా నిలబడి ఉంది. అమ్మ దాని పక్కనే కొంగుగుడ్డ పట్టుకుని నిలబడింది. కొత్త కోడల్నైనా, కొత్త బండినైనా మొదటిసారి చూసినవాళ్లు ఎంతోకొంత కొరుమ్‌దుక్, అంటే చూసినందుకు కానుక, చదివించకుండా వెళ్లకూడదు కదా.

“పెళ్లికూతురికి ఇన్నాళ్లకి ముసుగు తీశారు,” అంటూ జోల్దోష్ ఓ నోటు వేశాడు. “మీ ఆయన చేతకానివాడు కాదు వదినా. నాదే పాడు నోరు.”

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ ఒక్క మాట కోసమే కుబాత్ ఇంత పాటుపడింది.

అప్పుడొచ్చాడు కాలీబెక్ తాత. ఎవర్నీ పలకరించకుండా తిన్నగా బండి వెనక్కి నడిచి, ఎడమ తలుపుని కాస్త పైకెత్తి లాగాడు. ఏడాదిగా కుబాత్‌తో కుస్తీపట్టిన తలుపు కిక్కురుమనకుండా తెరుచుకుంది. తాత దాన్ని మూసి, ముందుకొచ్చి, గుడ్డ విప్పి దుప్పిని బానెట్ మీద బిగించాడు.

కుబాత్ ఆగలేకపోయాడు. “తాతా, నీకో సంగతి చెప్పాలి. నీ దగ్గర కొన్నవి సగం అల్మాటీలో ఎక్కువకి అమ్ముకున్నాను. నన్ను క్షమించు.”

“తెలుసు. డబ్బంతా దీనికే పెట్టావుగా. నాకది చాలు.”

గుండెల మీంచి బరువు దిగినట్టయింది కుబాత్‌కి. తాతని బండిలో స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. తాత చెయ్యి గేరు పిడి గుర్రపు తల మీదికి వెళ్లింది. అటు చూడకుండానే బొటనవేలితో చెవి కింది గాటుని తడిమాడు.

అమ్మ కొంగుగుడ్డ కిటికీలోంచి చాచింది. “పెద్దాయనా, అందరూ చదివించారు. మీరే మిగిలారు.”

“దుప్పి ఇచ్చారుగా అమ్మా, అదే కొరుమ్‌దుక్,” అన్నాడు కుబాత్, సిగ్గుపడుతూ.

తాత అడ్డంగా తలూపాడు. చెయ్యి పిడి మీంచి తియ్యలేదు.

“కొరుమ్‌దుక్ ఇవ్వాల్సింది మొదటిసారి చూసినవాళ్లు కదమ్మా.”