చిట్టచివరి సీటు

“ముందు ఆ బోర్డు పీకెయ్. తర్వాత మాట్లాడదాం” అంది వెర్నా, మ్యూజియం గుమ్మంలోంచే.

లోపల నాన్న పాత బండి నిగనిగలాడుతోంది. ప్రెయిరీ స్టార్ స్టేషన్ వ్యాగన్ అనే పొడుగాటి కారు, 1964 మోడల్. పక్కన తమ్ముడు లోయెల్ కొత్త టై కట్టుకుని పెళ్లికొడుకులా నిలబడ్డాడు. అరగంటలో ఊరివాళ్లొచ్చి రిబ్బన్ కత్తిరిస్తారు. వెర్నాకి ఒళ్లు మండిపోయింది.

“నాన్న పోయి నెల తిరగలేదు. నన్నొక్క మాట అడక్కుండా బండి దానం చేసేశావా?”

“నిన్నేమని అడగను? పదహారేళ్లొచ్చాక నువ్వు ఇందులో కాలు పెడితేగా!”

మ్యూజియం చూసుకునే మార్సియా మధ్యలోకి వచ్చింది. “కోప్పడకండమ్మా. బోర్డులో తప్పులుంటే దిద్దుకుందాం. ఒకసారి చదవండి.”

వెర్నా చదివింది. మొదట్లో ప్రెయిరీ స్టార్‌కి ఒంటి నిండా నిజం చెక్కేనట. ఏటా వార్నిష్ పుయ్యకపోతే పుచ్చిపోయేదట. తర్వాత కంపెనీవాళ్లు ఇనుప రేకు మీద చెక్కలాంటి కాగితం అతికించి, అదే దర్జా అన్నారట.

“అతికించారు సరే. వానొస్తే లేచిపోయేదని రాయలేదే? జిగురు పూసి పూసి నాన్న చేతులు పడిపోయేవి.”

“ఇంత రభసా ఆ కాగితం కోసమా?” లోయెల్ నవ్వాడు.

ఆ నవ్వు చూసి వెర్నాకి ఇంకా మండింది. చివరి పేరా మీద వేలు పెట్టి పొడిచింది. ‘కోంబ్స్ కుటుంబం 1966లో కెంటకీ కొండల్లోంచి మిషిగన్ కార్ల ఫ్యాక్టరీకి తరలివచ్చింది ఈ బండిలోనే. రానని మొండికేసిన తల్లి రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపి సాగనంపింది.’

“ఈ ముక్క ఊరంతా చదవడానికి వీల్లేదు. తీసెయ్.”

“ఎందుకు తియ్యాలి? జరిగిందేగా! ముందురోజంతా పోట్లాట. వస్తే రా, లేకపోతే నీ ఇష్టం అని నాన్న బండి తీశాడు. అమ్మ కోసమే మలుపు దాకా నడక వేగంతో పోనిచ్చాడు.”

“నువ్వప్పుడు ఏడేళ్ల వెధవ్వి. ముందు సీట్లో మొక్కజొన్న రొట్టె మింగుతున్నావు. నీకేం తెలుసు?”

“చెవులున్నాయిగా! సామాను కప్పు దాకా పేర్చారు. అద్దంలో పరుపులు తప్ప ఏమీ కనపడవు. వెనక్కి తిరిగుండే ఆ చిట్టచివరి సీట్లో నువ్వొక్కదానివే. ‘అమ్మేం చేస్తోందే?’ అని నాన్న అరిచాడు. ‘చెయ్యి ఊపుతోంది’ అన్నావు. అప్పుడు పెంచాడు ఆయన వేగం.”

“నోర్ముయ్!”

“ముయ్యను. యాభై ఏళ్లు ఆయన్ని ఆడిపోసుకున్నావు. బండి వెనక్కి తిప్పలేదన్నావు. ఒక్క ఉత్తరం రాయలేదన్నావు. ఆ చలికాలమే అమ్మ న్యుమోనియాతో పోతే మనల్ని ఆఖరి చూపుకి తీసుకెళ్లలేదని ఆయన మొహం చూడ్డం మానేశావు. చెయ్యి ఊపి పొమ్మన్న మనిషి కోసం ఎవడు వెనక్కి వెళ్తాడు? ఆ పొద్దున నీ చెంప వాచేలా కొట్టిందావిడ. ఇంకా ఆవిణ్ణే వెనకేసుకొస్తావేం?”

వెర్నా బోర్డుని రెండు చేతులా పట్టి లాగింది. మేకులు ఊడొచ్చాయి. మోకాలికి ఆనించి ఫెళ్లున విరిచింది. మార్సియా కెవ్వుమని, ఫోను కోసం చేతిసంచి వెతుక్కుంది.

“పిచ్చి పట్టిందా నీకు?” లోయెల్ మొహం ఎర్రబడింది. “వారం కూర్చుని రాశాను. ఇంకోటి రాయించి పెడతాను, చూస్తూ ఉండు. అక్షరం మార్చను!”

“పెట్టు. అదీ విరుస్తాను.”

“ఏం చూసుకుని నీకింత పొగరు? సరే, ఆ రోజు కళ్లారా చూసింది నువ్వొక్కదానివే. అందులో అబద్ధం ఎక్కడుందో చెప్పు. చెప్పి చావు!”

బయట కార్లు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి. వెర్నా చేతిలోని ముక్కల్ని నేలకేసి కొట్టింది. ఒగరుస్తూ తమ్ముడి కళ్లలోకి చూసింది.

“అమ్మ పెట్టె పట్టుకుని మన వెనకే పరిగెత్తుకొచ్చిందిరా.”