మొక్కు సెలవు

“గుండు కొట్టప్పా,” అంటూ మోహన సెలూన్ కుర్చీలో కూలబడ్డాడు.

“తిరుపతికొచ్చి ఈడ కొట్టించుకుంటారా సార్? కొండమీద ఊరికే కొడతారు కదా!”

“అంత టైం లేదు. తెల్లారితే డ్యూటీ.”

కొండకు గుండు మొక్కుందని ఆఫీసులో సెలవు పెట్టి, చెన్నైలో ఇంటర్వ్యూకి పోయాడు. ఇప్పటి జీతం మీద ఐదు శాతమే పెంచుతామన్నారు వాళ్లు. అది అక్కడి ఇంటద్దెకే చాలదు. వద్దని వచ్చేశాడు. ఇక జుట్టుతో ఆఫీసులో అడుగు పెట్టేదెట్లా?

పక్క కుర్చీలో సగం గుండైన మనిషి అద్దంలోంచి తననే చూస్తున్నాడు. మోహన ఇంకోసారి చూశాడు. ఆ సెలవుకు సంతకం పెట్టిన మేనేజర్ ధనశేఖర్!

“సార్... మీరు...”

“నాదీ మొక్కేలేబ్బా,” అన్నాడు ధనశేఖర్ మెల్లగా. “నీకు ఎంత పెంచుతామన్నారు?”

“ఐదు శాతం సార్.”

“నాకు మూడే. పది శాతమన్నా ఇచ్చింటే నేను పోయిండేవాణ్ణి. నా సీటు నీకే వచ్చిండేది.”

మోహన గబుక్కున ఆయన వైపు తిరగబోయాడు.

“తల కదిలించద్దు సార్,” అన్నాడు మంగలి, మెడ పట్టి కిందికి వంచుతూ.