గంప కింద బడి

ఒక దొడ్లో కోళ్ళకి తెగులొచ్చింది. పిల్లలకి గింజలేరడం నేర్పే బడి మూతపడింది. గద్ద భయానికి ఆ బడి గంప కింద నడిచేది. ఇంతలో పాత పుంజు దిగిపోయి కొత్త పుంజు దొడ్డికి పెద్దయింది.

"రేపే బడి తెరుస్తున్నా. పిల్లల్ని గంప కిందికి పంపండి" అంది.

తెగులుకి పోయినవి పోగా నల్లకోడికి ఒక్క పిల్లే మిగిలింది.

"అయ్యా, గంపలో గాలాడదు. ముందు నువ్వు దూరి చూడు" అంది.

పుంజు దూరింది. కాసేపటికే నోరు తెరుచుకుని రొప్పుతా బయటపడింది.

"గంప తీసేయండమ్మా. పిల్లల్ని ఆరుబయట ఎడంఎడంగా కూర్చోబెట్టండి. గద్ద సంగతి నేను చూసుకుంటా."

తెల్లారి బడి మొదలైంది. పుంజు గోడెక్కి ఆకాశం వైపు చూస్తా నిలబడింది. నల్లకోడి ఇంటికి పోలా, పుంజు వైపు చూస్తా నిలబడింది.