వంకలరాయుడు

పాత వైఫై డ్రైవర్‌ను ఇక తీసేద్దామని వచ్చిన మెయిల్‌ను ఆయన రెండోసారి చదివి ల్యాప్‌టాప్ మూసేశాడు. రాసింది, కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామైన కెర్నెల్‌లో వైర్‌లెస్ భాగాన్ని చూసుకునే మెయింటెయినర్.

"ఏమంటున్నారు నాన్నా?" అని కూతురు అడిగింది.

"ఆ చిప్పు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదట. వాడేవాళ్లు ఒక్కరైనా ఉంటే చెప్పమంటున్నారు. లేకపోతే వచ్చే వెర్షన్‌లో ఉండదు."

ఆ చిప్పు తయారుచేసిన కంపెనీలోనే ఒకప్పుడు ఆయన ఉద్యోగం. చిప్పు మాట కంప్యూటర్‌కీ, కంప్యూటర్ మాట చిప్పుకీ అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామే డ్రైవర్. దాన్ని రాసింది ఆయనే. ఎవరైనా ఊరికే వాడుకోగల, ఎవరైనా సరిదిద్దగల ఆ కెర్నెల్‌లో అది చేరిన రోజు ఆఫీసంతటికీ టీ ఇప్పించాడు. తర్వాత కంపెనీ మూతపడింది. చిప్పుల తయారీ ఆగిపోయింది. కెర్నెల్ మాత్రం ఆగదు. అది మారినప్పుడల్లా డ్రైవర్ కూడా మారాలి. జీతంలేని ఆ పని ఎవరు చేస్తారు?

మొదట్లో ఆయనా చేయలేదు. గడ్డం గీసుకోవడం మానేశాడు. పిలిస్తే పలికేవాడు కాదు. కంచం ముందు కూర్చుని, కెలికి, లేచిపోయేవాడు. భార్య రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. పొద్దున ఆమె వెళ్లేటప్పుడు ఏ కుర్చీలో ఉన్నాడో, సాయంత్రం వచ్చేసరికీ అదే కుర్చీలో ఉండేవాడు.

అలాంటి రోజుల్లో ఒక మెయిల్ వచ్చింది. ఎక్కడో చిన్న లైబ్రరీ నడిపే మనిషట. కొత్త కెర్నెల్ వేస్తే మీ డ్రైవర్ పనిచేయడం లేదు, మాకున్నవన్నీ ఆ పాత ల్యాప్‌టాప్‌లే, కొత్తవి కొనే స్తోమత లేదు, కాస్త చూడండి అని రాశాడు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. పరీక్షించుకోవడానికి ఆ చిప్పున్న ల్యాప్‌టాప్ కావాలంటే, ల్యాబ్‌లో మూలన పడేసిన పాత సామానులోంచి భార్యే ఒకటి మోసుకొచ్చింది. తప్పు దొరికింది. సరిచేసి పంపాడు. పనిచేస్తోంది గానీ గోడ అవతలికి వెళ్తే సిగ్నల్ పడిపోతోందని జవాబు. అదీ సరిచేశాడు. ఇప్పుడు బాగానే ఉంది గానీ మూత వేసి తెరిస్తే నెట్ రావడం లేదని మళ్లీ జవాబు.

దాంతో ఆ మనిషికి ఇంట్లో వంకలరాయుడన్న పేరు పడిపోయింది. పెట్టింది కూతురు. అప్పటికింకా బడికెళ్లే పిల్ల.

కెర్నెల్ మారడం, ఆయన డ్రైవర్ మార్చడం, వంకలరాయుడు వేసి చూసి ఏదో ఒక వంక పెట్టడం. ఏళ్ల తరబడి ఇదే వరస. మెయిల్ వచ్చేది పగటిపూటే. భార్య ల్యాబ్ నుంచి వచ్చేదాకా ఆయన దాన్ని అలాగే తెరిచి ఉంచి, రాగానే చదివి వినిపించేవాడు. ఆమె కూరగాయలు తరుగుతూ వినేది.

"ఒక్క మనిషి కోసం ఇంత చాకిరీనా? కొత్తది కొనుక్కోమనలేకపోయారా?" అనేది.

"పాపం, కొనలేనంటున్నాడుగా," అని ఆయన మళ్లీ పనిలో పడేవాడు.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. అందరి రక్తమూ పరీక్షించిన ల్యాబ్‌లోనే ఆమె రక్తంలో ఉన్నదీ బయటపడింది. ఆయన ఆస్పత్రి వదిలి కదల్లేదు. కెర్నెల్ ఎంత మారిందో పట్టించుకోలేదు. వంకలరాయుడికి ఏమీ పంపలేదు. అతనూ ఏమీ అడగలేదు.

గొంతు సన్నబడిపోయాక ఒకరోజు ఆమె అడిగింది.

"డ్రైవర్ సంగతేం చేశారు? ఆ లైబ్రరీ మనిషి ఎదురుచూస్తుంటాడేమో."

"అతనికేం తొందర లేదులే. నువ్వు ఇంటికొచ్చాక చూస్తాను," అన్నాడు ఆయన.

ఆమె ఇంటికి రాలేదు.

ఆయన మళ్లీ ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. కూతురు పళ్ల డాక్టరు. క్లినిక్ మూసేసి వచ్చి తండ్రి దగ్గరే ఉండిపోయింది. ఆ కుర్చీ అంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ భయం. అందుకే మెయింటెయినర్ మాట వినగానే పట్టుకుని వదల్లేదు.

"ఈ ఒక్కసారికి చేసి పంపు నాన్నా. వాడేవాళ్లు లేకపోవడమేంటి? వంకలరాయుడు రాస్తాడుగా."

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు.

"రాయడు," అన్నాడు.

ముందు నువ్వు పంపు, రాస్తాడో లేదో తర్వాత చూద్దాం అని ఆమె బతిమాలింది. బతిమాలగా బతిమాలగా పనిలో కూర్చున్నాడు. కెర్నెల్‌లో పాత పద్ధతులు పోయి కొత్తవి వచ్చాయి. వాటికి తగ్గట్టు ఒక్కొక్క ముక్కా మార్చుకుంటూ వచ్చాడు. భార్య తెచ్చిన ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే, చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లన్నీ తెరమీద వరుసకట్టాయి. తర్వాత పంపాడు. మెయింటెయినర్ ఒకటే షరతు పెట్టాడు. మీరు కాక ఇంకెవరైనా వాడి చూసి, పనిచేస్తోందని రాయాలి.

మర్నాడు మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. లైబ్రరీ నుంచే. ఎప్పటి చిరునామాయే. కొత్త డ్రైవర్ వేశాను, అంతా చక్కగా పనిచేస్తోంది, గోడ అవతల కూడా సిగ్నల్ బాగుంది, ఏ లోపమూ లేదు, దయచేసి దీన్ని తీసేయకండి అని ఉంది.

కాసేపటికే మెయింటెయినర్ ఒప్పుకున్నాడు. డ్రైవర్ ఉంటుంది.

"చూశావా, రాయడన్నావు," అంది కూతురు, వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ. "ఈసారి వంక కూడా పెట్టలేదు."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. దగ్గరకు రమ్మని సైగ చేశాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంటే, తడి ఆరని ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మీ అమ్మ ఆ మెయిల్ పాస్‌వర్డ్ నీకెప్పుడు చెప్పింది తల్లీ?"