రాహుకాలంలో నామినేషన్

నల్గొండ మున్సిపల్ ఆఫీసు గేటు ముందు కౌన్సిలర్ గిరి మైకు అందుకున్నాడు. ముహూర్తాలన్నీ మూఢనమ్మకాలని వాడవాడలా చాటే అభ్యుదయవాది ఆయన.

"అందరు మంచి టైం చూస్కొని నామినేషన్ ఏసిన్రు. నేను రాహుకాలంల ఏస్తున్న. ఏమైతదో సూద్దాం!"

ఈలలు మోగాయి. కెమెరాలు ఆయన చుట్టూ మూగాయి.

పక్క వార్డులో తొలిసారి పోటీ చేస్తున్న మనీష అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. పొద్దున్నే మంచి గడియలో వెయ్యమని అమ్మ ఎంత బతిమాలినా వినకుండా, గిరన్న మాట మీద ఇప్పటిదాకా ఆగింది. తన కాగితాలు పట్టుకుని ఆయన వెనకే లోపలికి నడిచింది.

గిరి ఇచ్చిన కాగితాలు చూసి అధికారిణి ఆశ్చర్యపోయింది.

"మళ్ల ఇంకో సెట్టా సార్? మంచి గడియ దాటిపోతదని పొద్దుగాలనే ఉరికొచ్చి ఒకటి ఇచ్చిపోతిరి గదా!"

గిరి బల్ల మీదికి వంగాడు.

"జర మెల్లగ మాట్లాడు మేడం. గది గెలిచేటందుకు. గిది పేపర్ల పడేటందుకు."

మనీష వరసలోంచి పక్కకు జరిగి ఫోన్ తీసింది.

"అమ్మా, రాహుకాలం ఎన్నింటిదాక ఉంటదే?"